ఐదుగురు పిల్లల తరగతి



ఈ పూట మన హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో, తండాల్లో ఉన్న చిన్న సర్కారు బడుల గురించి మాట్లాడుకుందాం. గోడ మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని రాసి ఉంటుంది. లోపల పదిహేను మందో ఇరవై మందో పిల్లలుంటారు. ఒక సారో, ఒక టీచరమ్మో ఉంటారు. కొన్నిచోట్ల ఇద్దరుంటారు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ వాళ్ళే చూసుకోవాలి. మఠంపల్లి, మేళ్ళచెరువు, చింతలపాలెం, పాలకవీడు, గరిడేపల్లి, నేరేడుచర్ల... ఏ మండలం దిక్కు పోయినా ఇటువంటి బడి కనబడుతుంది.

వీటి గురించి ఊళ్ళో వినిపించే మాట ఒకటే. "ఆ బళ్ళె సదువు లేదు సారూ" అంటారు. ఆఫీసుల్లో అదే మాటను ఇంకో తీరుగా, "ఫలితాలు తక్కువ" అంటారు. ఈ రెండు మాటలనూ నేను కొట్టిపారెయ్యను. వాటిలో నిజం ఉంది, ఆ నిజం ఏమిటో కూడా చెప్తాను. కాని ఏం చూసి అంటున్నాం, ఎట్లా కొలిచి అంటున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి. ఐదుగురు పిల్లలున్న తరగతిని శాతాల్లో కొలిస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఆ ఐదుగురినీ పేరుపేరునా చూడాలి. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు, బళ్ళో పిల్లలు ఎందుకు తగ్గారో చూద్దాం. మన దగ్గర జనం పలచగా ఉన్నారంటే ఎవరూ ఒప్పుకోరు. ఇది సాగర్ ఎడమ కాలువ పారిన నేల. వరి పండుతుంది, సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఊళ్ళో ఇళ్ళు తగ్గలేదు, బళ్ళో పిల్లలే తగ్గారు. మొదటి సంగతి, ఇంటికి నలుగురైదుగురు పిల్లలుండే కాలం పోయింది. ఇద్దరున్న ఇళ్ళే ఎక్కువ. ఆ ఇద్దరిలో కూడా ఒకరో ఇద్దరో పొద్దుగాల ఎనిమిది కాకముందే పసుపుపచ్చ బస్సెక్కి హుజూర్‌నగర్‌కో, కోదాడకో, మిర్యాలగూడకో వెళ్తున్నారు. పని వెతుక్కుంటూ హైదరాబాదు చేరిన కుటుంబాల పిల్లలు అక్కడే చదువుతున్నారు. మిగిలిన కొద్దిమందిలో చురుకైనవాళ్ళు ఐదో తరగతికి గురుకులాలకు పోతున్నారు. చివరికి ఊరి బళ్ళో మిగిలేది కూలి చేసుకునే ఇళ్ళ పిల్లలు. వాళ్ళలో దళితుల బిడ్డలు, లంబాడీ బిడ్డలే ఎక్కువ. ఈ చిన్న బడి తప్ప వాళ్ళకు ఇంకో దారి లేదు.

ఈ పలచబడటం ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క లెక్క చూద్దాం. 2024-25 సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ సేకరించిన వివరాల ప్రకారం ఒక్క పిల్లవాడు కూడా లేని ప్రభుత్వ బడులు మన తెలంగాణలో 2,000కు పైగా ఉన్నాయి. దేశంలో ఇటువంటి బడులు ఎక్కువగా ఉన్నది రెండు రాష్ట్రాల్లో. ఒకటి పశ్చిమ బెంగాల్, రెండోది మనది. జిల్లాల వారీగా చూస్తే దేశం మొత్తం మీద ముందున్నది మన నల్గొండ. అక్కడ ఖాళీ బడులు 300కు పైగా ఉన్నాయి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఈ లెక్క మనది కాదనుకోవచ్చు. కాని గీత కాగితం మీదే గీశారు. అటు దామరచర్ల ఎట్లా ఉందో ఇటు పాలకవీడు అట్లాగే ఉంది.

ఇది చెప్పుకుంటుంటే నాకు 1941 గుర్తుకొస్తుంది. మన పక్కనున్న చిలుకూరులో ఆ ఏడు ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో ఉండేది. ఊరివాళ్ళు సొంతంగా ఒక ఖానగీ బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో చెప్పాలని, ఊరూరా బడి కావాలని 1930 జోగిపేట సభ నాటి నుంచీ ఆంధ్ర మహాసభ అడుగుతూనే వచ్చింది. బడి కావాలని సభలు పెట్టి అడిగిన తాలూకాలు ఇవి. అదే నేల మీద ఇప్పుడు బడి ఉంది, నల్లబల్ల ఉంది, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం అన్నం ఉంది, వారానికి మూడు గుడ్లు ఉన్నాయి. పిల్లలే లేరు. ఇంతకు మించి బాధపడాల్సిన సంగతి నాకు వేరే కనబడదు.

సరే, ఉన్న పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? దీనికి దేశంలో అందరూ చూసే లెక్క అసర్ నివేదిక. ప్రథమ్ సంస్థ 2005లో దీన్ని మొదలుపెట్టింది. వీళ్ళు బడికి కాకుండా ఇంటికి పోతారు. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం చేతిలో పెడతారు. అందులో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఎంతదాకా చదివితే అంత రాసుకుంటారు. లెక్కల్లో తీసివేత, భాగహారం చూస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. ఎందుకంటే ఇక్కడ పరీక్ష పేపరు లేదు, కాపీ కొట్టడం లేదు, ఒక పెద్దమనిషి, ఒక పిల్ల, ఒక కాగితం, అంతే.

దేశం మొత్తం మీద సర్కారు బళ్ళల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో 20.9 శాతం. కోవిడ్ దెబ్బకు 2022లో అది 16.3కు పడింది. 2024లో 23.4కు లేచింది. తెలంగాణ ఇంకా వెనుకే ఉంది. 2022లో మన మూడో తరగతి పిల్లల్లో పదిమందిని కూర్చోబెడితే ఒక్కరు కూడా ఆ కథ చదవలేని పరిస్థితి. ఊళ్ళోవాళ్ళ మాటలో నిజం ఉందని ముందే చెప్పాను కదా, ఆ నిజం ఇదే. దీన్ని దాచుకుంటే మనకే నష్టం.

పుస్తకం తెరిచిన మూడో తరగతి పిల్లవాడికి ఏమవుతుందో దగ్గర కూర్చుని చూడండి. క, ల, ప వచ్చు. 'కల' అని చదువుతాడు. 'కాలు' దగ్గర కాస్త తడబడతాడు, చదువుతాడు. 'పువ్వు' దగ్గర ఆగిపోతాడు. వత్తు రాలేదు. మన తెలుగులో అచ్చులూ హల్లులూ వస్తే సరిపోదు. గుణింతం రావాలి, తరవాత వత్తులు రావాలి, అప్పుడే కథ చదవడం కుదురుతుంది. ఒకటో తరగతిలో నెల రోజులు మిరపకోతకు అమ్మ వెంట పోయిన పిల్లకు గుణింతం పోయింది. రెండో తరగతిలో టీచరు బదిలీ అయి రెండు నెలలు ఎవరూ రాకపోతే వత్తులు పోయాయి. మూడో తరగతి పుస్తకం ఇవన్నీ వచ్చినట్టే మొదలవుతుంది. ఆ పిల్ల మిగిలిన రెండేళ్ళూ నోరు మెదపకుండా కూర్చుని ఐదో తరగతి దాటుతుంది. ఆమెకు తెలివి లేక కాదు. ఎక్కడ ఆగిందో ఎవరూ చూడలేదు, అంతే.

అసర్ లెక్క దేశానికీ రాష్ట్రానికీ పనికొస్తుంది. మన మండలం గురించి అది ఏమీ చెప్పదు, మన తండా బడి గురించి అసలే చెప్పదు. జిల్లాకు 600 ఇళ్ళు చూసి చెప్పే లెక్కలో మీ ఊరు ఉండనే ఉండకపోవచ్చు. మరి బడికి బడికీ మార్కులు వేసే పని ఎవరు చేస్తున్నారు? విద్యాశాఖ వాళ్ళే చేస్తున్నారు. నెలనెలా పరీక్ష పెట్టి, ఎంతమందికి చదవడం వచ్చింది, ఎంతమందికి కూడిక వచ్చింది అని శాతాలు పైకి పంపమంటారు. 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం మంచి ఉద్దేశంతో పెట్టింది. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు చదవడం, రాయడం, లెక్క గట్టిగా రావాలన్నదే దాని ధ్యేయం. చిక్కు ఆ శాతంలో ఉంది.

మూడో తరగతిలో ఐదుగురున్నారు. ముగ్గురు చదువుతారు. 60 శాతం. బడి బాగుంది అంటారు. వచ్చే ఏడు కొత్త ఐదుగురు మూడో తరగతికి వచ్చారు, ఇద్దరే చదువుతారు. 40 శాతం. ఒక్క ఏడాదిలో 20 శాతం పడిపోయింది, టీచరు ఏం చేస్తున్నట్టు అని మీటింగులో నిలబెట్టి అడుగుతారు. తేడా ఎంత? ఒకే ఒక్క పిల్ల. ఆ పిల్ల పరీక్ష రోజు జ్వరంతో ఇంట్లో ఉండి ఉండవచ్చు, పత్తి ఏరడానికి పోయి ఉండవచ్చు. రెండు వందల మంది పిల్లలున్న పట్నం బడిలో ఒక్క పిల్ల రాకపోతే శాతంలో అర మాత్రమే మారుతుంది. ఐదుగురున్న తండా బడి తరగతిలో ఏకంగా ఇరవై మారుతుంది. అంటే చిన్న బడి ఒక ఏడు జిల్లాకే మొదటిది అవుతుంది, మరుసటి ఏడు ఆఖరిది అవుతుంది. చదువు చెప్పే తీరు మాత్రం అదే.

ఇది నా ఊహ కాదు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు బడుల మార్కులను పరిశీలించి 2002లో ఇదే సంగతి రాశారు. బడి చిన్నదైన కొద్దీ మార్కులు ఏడాదికోసారి పైకీ కిందికీ ఊగుతాయి, అందుకే బహుమతులు వచ్చే బడుల జాబితాలోనూ చిన్నవే ఎక్కువ, అట్టడుగు జాబితాలోనూ చిన్నవే ఎక్కువ. అక్కడి వాళ్ళు ఈ లెక్కల మీద బడులకు డబ్బు బహుమానాలిచ్చారు. మన దగ్గర అంతకంటే పెద్ద పని జరుగుతుంది. పిల్లలు తక్కువ, ఫలితాలు తక్కువ అని పోస్టు తీసి వేరే ఊరికి ఇస్తారు. పోస్టు పోతే చదువు పోతుంది, చదువు పోతే ఉన్న పిల్లలూ బస్సెక్కుతారు.

గురుకులాల సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. పి.వి.నరసింహారావు గారు 1971లో మన ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేల్‌లోనే మొదటి గురుకులం పెట్టించారు. దానివల్ల ఎంతమంది పేద పిల్లలు పైకొచ్చారో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ గురుకులాలు ఈ రోజు పేదింటి తల్లికి పెద్ద ఆశ. నేను వాటికి ఎదురు చెప్పను. కాని ఒక్క సంగతి గమనించండి. తండా బడిలో ఆ టీచరమ్మ నాలుగేళ్ళు కష్టపడి ముగ్గురు పిల్లలకు చదవడం, రాయడం, లెక్క గట్టిగా నేర్పింది. ఆ ముగ్గురూ ప్రవేశ పరీక్ష రాసి ఐదో తరగతికి గురుకులానికి పోయారు. ఐదో తరగతిలో మిగిలింది ఇద్దరు, ఇద్దరూ ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నారు. ఆ బడి ఐదో తరగతి ఫలితం సున్నా. బడి చేసిన మంచి పనంతా బడి లెక్కలోంచి వెళ్ళిపోయింది. గురుకులానికి ఎంతమందిని పంపారు అన్న గడి కూడా ఆ బడి కాగితంలో ఉండాలి. అది న్యాయం.

ఇక ఒక టీచరు, ఐదు తరగతులు అన్నదాన్ని కొంచెం ఓపికగా చూద్దాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని ఆ చట్టం చెప్తుంది. అయినా 2024-25లో దేశంలో లక్షకు పైగా బడులు ఒకే టీచరుతో నడుస్తున్నాయి, వాటిలో 33 లక్షల మంది పిల్లలున్నారు. ఏకోపాధ్యాయ బడులు అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువగా ఉన్నది పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో.

ఆ ఒక్క టీచరు రోజు ఎట్లా గడుస్తుందో తెలుసుకోవాలి. ప్రార్థన అయ్యాక హాజరు. హాజరు రిజిస్టరులోనూ రాయాలి, ఫోన్‌లోనూ ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే చెట్టు కిందికి పోయి ఎక్కించాలి. అన్నానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, బియ్యం ఎన్ని కిలోలు ఖర్చయ్యాయి అనే లెక్క ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు వరండాలో, మూడు, నాలుగు, ఐదు గదిలో. వరండాలో వాళ్ళకు అక్షరాలు దిద్దమని చెప్పి గదిలోకి వస్తే వరండాలో కొట్లాట. గదిలో నాలుగో తరగతికి లెక్క చెప్తుంటే ఐదో తరగతి ఖాళీగా చూస్తూ ఉంటుంది. మండల కేంద్రంలో మీటింగుంటే ఆ రోజు బడి మూత పడుతుంది, లేకపోతే పక్క బడి టీచరు వచ్చి కూర్చుంటారు. ఆ టీచరే సెలవు పెడితే మళ్ళీ అదే. ఇంట్లో చావైనా పెళ్ళైనా బడికి వేరే దిక్కు లేదు. ఈ పరిస్థితుల్లో కూడా పిల్లలకు చదవడం నేర్పిన టీచర్లు మన మండలాల్లో ఉన్నారు. వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి.

కాని ఒక టీచరు, పలు తరగతులు అన్నది ప్రపంచంలో మన ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. దాన్ని ఎట్లా నడపాలో తెలుగు నేల మీదే ఒకచోట కనిపెట్టారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల ఉంది. ఆ చుట్టూ కొండల మధ్య చిన్న చిన్న పల్లెలు. అక్కడ పద్మనాభరావు, రమ అనే దంపతులు ఒక్క టీచరుతో నడిచే శాటిలైట్ బడులు పెట్టి, తరగతులు అన్న పద్ధతినే పక్కన పెట్టారు. పాఠాలన్నిటినీ చిన్న చిన్న కార్డులుగా చేశారు. కార్డుకో బొమ్మ గుర్తు, వాటన్నిటికీ గోడ మీద ఒక నిచ్చెన పటం. పిల్ల వచ్చి పటంలో తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని ఆ కార్డు తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరు దగ్గర కూర్చుని చెయ్యాలి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని తానే. వారం రోజులు కోతకు పోయి వస్తే, ఏ మెట్టు దగ్గర వదిలిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ పిల్లను వెనకబడిన పిల్ల అని ఎవరూ అనరు, ఎందుకంటే ముందు వరస, వెనక వరస అన్నవే లేవు.

ఈ పద్ధతిని తమిళనాడు 2003 నుంచి చెన్నై బడుల్లో తీసుకుని, తరవాత రాష్ట్రమంతా పెట్టింది. అంతకుముందే 1970ల్లో దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, కొండ ఊళ్ళ ఏకోపాధ్యాయ బడుల కోసం విక్కీ కోల్బర్ట్ అనే ఆమె తోటివాళ్ళతో కలిసి 'ఎస్కూయెలా న్యువా' అనే పద్ధతిని ఇదే దారిలో నడిపించారు. పిల్ల తన వేగంతో తాను నేర్చుకుంటుంది, టీచరు ఒకరి తరవాత ఒకరి దగ్గర కూర్చుంటారు. రిషివ్యాలీలోనూ కొలంబియాలోనూ చిన్న బడినే బలంగా చేసుకున్నారు. మన దగ్గర చిన్న బడి అంటే పెద్ద బడిలో మిగిలిపోయిన ముక్క అనుకుంటాం. ఐదు తరగతులకు ఐదు పుస్తకాలు, ఐదు టైం టేబుళ్ళు ఇచ్చి ఒక్క మనిషి చేతిలో పెట్టి, నడవలేదని అడుగుతాం. మదనపల్లె నుంచి హుజూర్‌నగర్‌కు ఆ కార్డులు ఇన్నేళ్ళయినా పూర్తిగా నడిచి రాలేదు. అది నాకు అర్థం కాని విషయం.

రెండో టీచరు వల్ల ఎంత లాభమో కూడా కొలిచి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో, ప్రభుత్వంతో కలిసి పెద్ద పరిశోధన చేశారు. లాటరీ వేసి 100 సర్కారు ప్రాథమిక బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. రెండేళ్ళ తరవాత ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతావారి కంటే ముందున్నారు. ఎక్కువ లాభం కనబడింది ఎవరికి? బడికి కొత్తగా వచ్చిన ఒకటో తరగతి పిల్లలకు, దూరాన ఉన్న మారుమూల బడుల పిల్లలకు. మన విద్యావాలంటీర్లు చేసిన పని అదే. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డప్పుడు వాళ్ళ పని ఆగిపోయింది. 2024 డీఎస్సీలో సుమారు పది వేల టీచర్ పోస్టులు నింపారు, సంతోషమే. అందులోంచి తండాకు వచ్చే రెండో మనిషి ఎంతకాలం ఉంటారు, ఎప్పుడు డిప్యుటేషన్ మీద పట్నానికి పోతారు అన్నది ఊరివాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి.

ఇక పసుపుపచ్చ బస్సు సంగతి. తల్లిదండ్రులను తప్పు పట్టి లాభం లేదు. కూలికి పోయి, అప్పు తెచ్చి ఫీజు కడుతున్న తల్లి తన బిడ్డ కోసమే కడుతోంది. ఆమె చెప్పే కారణం ఒకటి ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. అయినా బస్సులు తగ్గలేదు. నాకు కనబడే అసలు కారణం వేరే. ప్రైవేటు బడి మూడేళ్ళకే బిడ్డను నర్సరీలో కూర్చోబెట్టుకుంటుంది. ఎక్కువ సర్కారు బడులు ఒకటో తరగతి నుంచే చేర్చుకుంటాయి. ఆ నడుమ అంగన్‌వాడీ ఉంది. పొద్దున కూలికి పోవాల్సిన తల్లికి బిడ్డను ఎవరైనా సాయంత్రం దాకా చూసుకోవాలి, నాలుగక్షరాలు చెప్పాలి. ఎల్‌కేజీ, యూకేజీ అయిపోయిన పిల్ల ఒకటో తరగతికి ఊరి బడికి తిరిగి రాదు. చిన్న బడి నిలవాలంటే, అంగన్‌వాడీ అదే ఆవరణలో ఉండి, అక్కడి నుంచి పిల్ల నేరుగా పక్క గదిలోకి నడిచి రావాలి. మన మండలాల్లో ఇట్లా ఒకే కాంపౌండులో ఉన్నచోట్లను చూసి, మిగతాచోట్ల కూడా అడగాలి.

ప్రైవేటు బడిలో చదువు ఎక్కువ వస్తుందా? ఇదీ కొలిచారు. అదే పరిశోధకులు 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి రాష్ట్రంలో 180 ఊళ్ళల్లో పేద పిల్లలకు లాటరీ వేసి, ఫీజులు కట్టి ప్రైవేటు బడులకు పంపారు. చివరికి తెలుగులో, లెక్కల్లో సర్కారు బడిలో ఉన్న పిల్లలకూ వీళ్ళకూ తేడా కనబడలేదు. హిందీ మాత్రం వీళ్ళకు బాగా వచ్చింది. ఇందులో మనకు ఊరట ఉంది. సిగ్గుపడాల్సిందీ ఉంది, అది కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్ల మీద పెట్టిన ఖర్చు సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా లేదు. మంచి జీతం, మంచి చదువు ఉన్న మన టీచర్లు వాళ్ళతో సమానంగా నిలిచారు అంటే చాలదు. ముందుండాలి. ఉండగలరు కూడా, ఎందుకంటే పట్నం బడిలో నలభై మంది మధ్య కూర్చున్న పిల్ల పేరు టీచరుకు గుర్తుండకపోవచ్చు. తండా బడిలో పిల్ల పేరే కాదు, వాళ్ళమ్మ ఏ చేనుకు పోయిందో కూడా టీచరుకు తెలుసు.

తండా అన్నాను కాబట్టి ఒక మాట. లంబాడీ ఇంట్లో బిడ్డ పుట్టిన నాటి నుంచీ వినేది గోర్‌బోలి. ఐదేళ్ళకు బడికి వస్తే తెలుగు కొత్త, ఇంగ్లీషు ఇంకా కొత్త. ఆ పిల్ల మొదటి ఆరు నెలలు మాట్లాడకపోతే మొద్దు అనుకుంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందల తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, సర్పంచులు తండా బిడ్డలే. మీ పంచాయతీ పరిధిలోని బడికి, గోర్‌బోలి, తెలుగు రెండూ వచ్చిన, ఇంటర్ చదివిన ఒక ఆడబిడ్డను ఒకటో తరగతి పిల్లల దగ్గర రోజూ రెండు గంటలు కూర్చోబెట్టే దారి చూడండి. ఆ ఆరు నెలలు ఆ బిడ్డ పక్కన తన మాట తెలిసిన మనిషి ఉంటే, మూడో తరగతిలో వత్తుల దగ్గర ఆగిపోయే కష్టం సగం తీరుతుంది.

బడిబాట పేరుతో జూన్‌లో టీచర్లు మీ ఇంటికి వస్తారు. పిల్లను చేర్చమని అడుగుతారు. అప్పుడు మీరు కూడా అడగండి. బడిలో ఎంతమంది టీచర్లు, ఇద్దరు లేకపోతే రెండో వారు ఎప్పుడు వస్తారు, ఆ సంగతి మండల విద్యాధికారికి రాసి ఇచ్చారా అని అడగండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న అక్కలకు నా విన్నపం వేరే. గోడకు సున్నం, తాగే నీళ్ళు, మరుగుదొడ్డి, ఇవన్నీ చూస్తూనే, నెలకోసారి బడికి పోయి ఒక పెద్ద కాగితం అడగండి. దాని మీద శాతాలు వద్దు. బడిలో ఉన్న ప్రతి పిల్ల పేరూ ఉండాలి. పేరు పక్కన ఆ పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో ఉండాలి. అక్షరాలు, గుణింతాలు, వత్తులు, పేరా, కథ. లెక్కల్లో కూడిక, తీసివేత, ఎక్కాలు, భాగహారం. పద్దెనిమిది మంది పిల్లలకు పద్దెనిమిది వరసలు. ఒక పేజీ చాలు. గురుకులానికి పోయిన పిల్లల పేర్లు కింద వేరుగా రాయించండి, వాళ్ళూ ఈ బడి బిడ్డలే. చదువు రాని అక్కలైతే, మహిళా సంఘం లెక్కలు రాసే అమ్మాయిని వెంట తీసుకుపోండి. ఏ పిల్ల పేరు పక్కన రెండు నెలలుగా గుర్తు కదల్లేదో ఆ పిల్ల ఇంటికి టీచరుతో కలిసి పోండి. ఇంట్లో ఏముందో, పిల్ల ఎన్ని రోజులు బడి మానిందో అక్కడే తేలుతుంది. ఆ కాగితాన్ని మండల విద్యాధికారి దగ్గరికి కూడా తీసుకుపోయి, మా బడి ఫలితం ఇది, మాకు రెండో టీచరు కావాలి అని అడగండి.